పగ పెంచుకోకుండా ఎదురు నిలవడం ఎలా?

తిరుపతిలో ఏటా విద్యా సంవత్సరం మొదలయ్యే రోజుల్లో పలమనేరు, కుప్పం, పుంగనూరు, సత్యవేడు వైపుల నుంచి పిల్లలు సూట్‌కేసులు, బకెట్లు పట్టుకుని వచ్చి హాస్టళ్ళలో దిగుతారు. అదే ఊళ్ళో వేలాది మంది తోపుడుబండి మీదనో, అద్దె కొట్లోనో, లాడ్జిలోనో, ప్రైవేటు ఆఫీసులోనో పని చేసుకుని బతుకుతున్నారు. వీరిలో ఎవరికైనా ఏదో ఒక రోజున తనకంటే బలమున్న మనిషి ఎదురై అవమానించవచ్చు, బెదిరించవచ్చు, డబ్బు గుంజవచ్చు. అలాంటి రోజున ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

మన వైపు ఇలాంటప్పుడు దొరికే సలహాలు రెండే. "పోనీలే నాయనా, సర్దుకుపో" అన్నది ఒకటి. "వాడు ఒకటంటే నువ్వు నాలుగు అను" అన్నది రెండోది. మొదటి సలహా పాటిస్తే, మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, ఎదుటివాడి ధైర్యం పెరుగుతుంది. రెండోది పాటిస్తే వాడి భాష, వాడి పద్ధతి మనకు అంటుకుంటాయి. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్న సామెత స్నేహానికి ఎంత వర్తిస్తుందో శత్రుత్వానికీ అంతే వర్తిస్తుంది. ఈ రెండూ కాని దారి ఒకటుంది. జరుగుతున్న పనిని ఆపించడం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుని, ఆ పని చేసిన మనిషిని కూల్చాలన్న కోరికను పక్కన పెట్టడం. చెప్పడానికి ఇది ఒక వాక్యమే అయినా, నోటి మాటలో, కాగితంలో, స్టేషన్లో, రాజీ దగ్గర ఆ తేడాను చివరిదాకా నిలుపుకోవడంలోనే కష్టమంతా ఉంది.

మొదట అక్కడి నుంచి బయటపడండి

చేయి లేచిన చోట, తలుపు మూసిన చోట, తాగి ఉన్నవాడి ముందు వాదన పెట్టుకోకండి. నలుగురూ తిరిగే చోటికి వచ్చేయండి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే 112కు ఫోన్ చేయండి. దెబ్బ తగిలితే, అది చిన్న గీతే అయినా, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, దెబ్బ ఎలా తగిలిందో డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి నమోదు చేయించుకోండి. తిరుపతిలో అయితే రుయా ఆసుపత్రి ఉంది. మెట్ల మీద జారి పడ్డానని ఆ రోజు మొహమాటంతో రాయించుకున్న మాటను తరువాత దిద్దుకోవడం చాలా కష్టం.

అనవలసిన మాట చిన్నదిగా ఉండాలి

ఎదురు నిలవడమంటే పెద్ద ఉపన్యాసం ఇవ్వడమని చాలామంది అనుకుంటారు. ఆ క్షణంలో గొంతు వణుకుతుంది, పెద్ద మాటలు రావు, వచ్చినవి కూడా మన మీదికే తిరుగుతాయి. అందుకే ఒకటి రెండు వాక్యాలు ముందే సిద్ధం చేసుకుని, ఇంట్లో పైకి నాలుగైదు సార్లు అని చూసుకోవడం మంచిది. అర్ధరాత్రి సీనియర్లు గదికి పిలిపించి, అగ్గిపుల్లతో గది పొడవు కొలవమన్నారని అనుకుందాం. "అన్నా, నేను ఈ పని చెయ్యను. నా రూముకు పోతా ఉండా." ఇంతే చాలు. అన్నా అన్న పిలుపు వదలనక్కర లేదు, గొంతు పెంచనక్కర లేదు, కారణం చెప్పనక్కర అసలే లేదు. కారణం చెప్పిన మరుక్షణం ఆ కారణం మీద వాళ్ళు అరగంట ఆడుకుంటారు. మళ్ళీ అడిగితే అదే వాక్యాన్ని అదే గొంతుతో మళ్ళీ అనండి.

టిఫిన్ బండి నడిపే అమ్మ దగ్గరికి ప్రతి శుక్రవారం ఒకడు వచ్చి మామూలు అడుగుతాడనుకోండి. "రశీదు ఇస్తే ఇస్తాను సామీ, రశీదు లేనిది ఇవ్వను" అన్న మాటలో కోపం లేదు, తిట్టు లేదు. కానీ వసూలు చేసేవాడికి అంతకంటే ఇబ్బంది పెట్టే మాట మరొకటి దొరకదు.

ఇక అనకూడనివి: ఎదుటివాడి కులం, మతం, ఊరు, తల్లి, శరీరం, చదువు. ఇవి అనకపోవడానికి మంచితనం ఒక కారణమైతే, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పే కారణం మరొకటి ఉంది. స్టేషన్ భాషలో దాన్ని కౌంటర్ కేసు అంటారు. మీరు బాధితులుగా వెళ్ళిన గంట తరువాత అవతలివాడు కూడా వస్తాడు. మీ నోటి నుంచి జారిన ఒక్క మాటను పట్టుకుని తానూ బాధితుణ్ణే అంటాడు. అక్కడి నుంచి రెండు కేసులు జోడెద్దుల్లా నడుస్తాయి, రాజీ చేసుకోమన్న ఒత్తిడి రెండు వైపులా సమానంగా పడుతుంది. ద్వేషపు మాట అన్యాయం చేసినవాడికి మీరు చేతికిచ్చే ఆయుధమని నేను నమ్ముతాను. అర్జీలు రాసిపెట్టే అలవాటు ఉన్నవాడిగా ఈ మాట చెబుతున్నాను. నిజమైన గోడు ఉండి కూడా ఒక్క బూతు వల్ల బలహీనపడిన కాగితాలు ఎన్నో చూశాను.

అదే రాత్రి కాగితం మీద పెట్టండి

ఈ అడుగు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మిగిలినవన్నీ దీని మీదే ఆధారపడతాయి. నోటుపుస్తకంలో ఒక పేజీ మధ్యన గీత గీయండి. ఎడమవైపు మీరు చూసింది, విన్నది, మీకు తగిలింది మాత్రమే రాయండి. కుడివైపు మీకు అనిపించింది రాయండి. కుడివైపు ఎంత కోపంగానైనా రాసుకోవచ్చు, దాన్ని ఎవరూ చదవరు. ఫిర్యాదులోకి వెళ్ళేది ఎడమవైపు మాత్రమే. కోపాన్ని మింగమని చెప్పే సలహా నాకు ఎప్పుడూ నచ్చదు. దానికి విడిగా ఒక చోటు చూపించడం మేలు.

తేడా ఎలా ఉంటుందో చూడండి. హాస్టల్ విద్యార్థి కోపంలో రాసే ఫిర్యాదు సాధారణంగా ఇలా ఉంటుంది: "సార్, ఫైనలియర్ వాళ్ళు మనుషులు కారు. రోజూ మా బ్యాచ్ మొత్తాన్ని చిత్రహింసలు పెడుతున్నారు. ఆ ఊరోళ్ళంతా ఇంతే. వాళ్ళను వెంటనే కాలేజీ నుంచి గెంటేయాలి."

అదే సంగతి ఎడమవైపు గడి నుంచి రాస్తే ఇలా వస్తుంది: "ఆగస్టు 12వ తేదీ రాత్రి 10.40 గంటల ప్రాంతంలో నన్ను రెండో అంతస్తులోని 214వ గదికి పిలిపించారు. గదిలో నలుగురు ఉన్నారు. ఇద్దరి పేర్లు తెలుసు, మిగిలిన ఇద్దరినీ చూస్తే గుర్తుపట్టగలను. అగ్గిపుల్లతో గది కొలవమన్నారు. కొలవనని చెప్పినప్పుడు ఒకరు నా కాలరు పట్టుకుని గోడకు నెట్టారు. కుడి మోచేయి గీసుకుపోయింది. మరొకరు తలుపుకు అడ్డంగా నిలబడి నన్ను వెళ్ళనివ్వలేదు. 11.15కు వదిలారు. గదికి వచ్చాక నా రూమ్మేటు మోచేతి గాయాన్ని చూశాడు."

మొదటి కాగితంలో పట్టుకోవడానికి ఏమీ లేదు, కొట్టిపారేయడానికి మాత్రం చాలా ఉంది. "రోజూ" అన్నారు కాబట్టి ఒక్క రోజు జరగలేదని తేలితే మొత్తం అబద్ధమైపోతుంది. "బ్యాచ్ మొత్తాన్ని" అన్నారు కాబట్టి మాకేమీ కాలేదని చెప్పే ఇద్దరు దొరికితే చాలు. "ఆ ఊరోళ్ళు" అన్న మాటతో నిందితులు నలుగురి నుంచి నాలుగు వందల మందికి పెరిగారు. వాళ్ళంతా ఇప్పుడు ఆ నలుగురి పక్షాన నిలబడతారు. రెండో కాగితంలో తిట్టు ఒక్కటీ లేదు, అయినా దాని ముందు ప్రిన్సిపాల్ ఊరకే కూర్చోలేడు. అందులో తలుపుకు అడ్డంగా నిలబడ్డారన్న ఒక్క వాక్యం చట్టం దృష్టిలో ఎంత బరువైనదో చూడండి. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం ఆటపట్టించి అవమానించడానికి ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉంటే, అడ్డగించి నిర్బంధించినా, గాయపరచినా రెండేళ్ళ దాకా ఉంది. ఆ శిక్షను పడేట్టు చేసేది విశేషణాలు కావు, తలుపు, గడియారం, మోచేయి.

ఫోన్లో వచ్చిన బెదిరింపులను తీసివేయకండి. పంపినవారి నంబరు, తేదీ, సమయం కనపడేట్టు స్క్రీన్‌షాట్లు తీసి, వేరే చోట కూడా దాచుకోండి. ఆ ఫోను అమ్మవద్దు, ఫార్మాట్ చేయించవద్దు. కోర్టు దాకా వెళితే అసలు పరికరం అవసరం పడవచ్చు. మరో జాగ్రత్త: ఆవేశంలో ఆ వీడియోను వాట్సాప్ స్టేటస్‌గా పెట్టవద్దు. పెట్టిన రాత్రి చాలా తృప్తిగా ఉంటుంది. కానీ సంగతి తెలియని వందమంది అవతలివాడి చెల్లెలి దాకా వెళ్ళి తిట్టడం మొదలుపెడతారు, ఆ తిట్లకు మూలం మీరే అవుతారు, పోలీసుల ముందు జవాబు చెప్పవలసిన మనిషీ మీరే అవుతారు.

తోడు వెతుక్కోండి, గుంపును కాదు

దౌర్జన్యం చేసేవాడు ఒంటరిగా ఉన్నవాణ్ణే ఎంచుకుంటాడు. అందువల్ల మీకు జరిగినది మరెవరికి జరిగిందో నెమ్మదిగా, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి తెలుసుకోండి. ఒప్పుకున్నవారు ఎవరికి వారు తమ చేత్తో తమ మాటల్లో వేర్వేరు కాగితాలు రాయాలి. ఒకరు రాసినదాని మీద పదిమంది సంతకాలు పెడితే, పెట్టించారన్న మాట వెంటనే పడుతుంది.

ఇరవై మంది కలిసి అవతలివాడి గది ముందుకో, ఇంటి ముందుకో వెళ్ళడం మాత్రం వద్దు. వెళ్ళేటప్పుడు అడగడానికే వెళతారు; ఎవరో ఒకడు చేయి చేసుకుంటాడు. ఆ తరువాత బాధితుడెవరో, నిందితుడెవరో తేల్చడం ఎవరివల్లా కాదు.

పక్కన నిలబడి చూస్తున్నవారు చేయగలిగినది కూడా ఒకటుంది. అవతలివాడితో ఏమీ అననక్కర లేదు. అవమానపడుతున్న మనిషి పక్కకు వెళ్ళి, "రా, వార్డెన్ నిన్ను పిలుస్తున్నాడు" అనో, "అక్కా, రెండు ఇడ్లీ పార్సిల్ కట్టు" అనో ఆ మనిషితో మాట కలపండి. దౌర్జన్యానికి ప్రేక్షకులు కావాలి; అక్కడ మామూలు సంభాషణ మొదలయ్యేసరికి దాని బిగి సడలిపోతుంది. తరువాత ఆ రాత్రే వెళ్ళి, నేను చూశాను, అడిగితే చెబుతాను అనండి. ఆ మాట విన్నవాడు పగబట్టే అవకాశం సగం తగ్గిపోతుంది. మనిషి విషమెక్కేది దెబ్బ తిన్నందుకంటే అందరూ చూసి ఊరుకున్నందుకే ఎక్కువ.

ఏ తలుపు తట్టాలి

కాలేజీలో అయితే ముందు వార్డెన్, ప్రిన్సిపాల్, ర్యాగింగ్ నిరోధక కమిటీ. నోటితో చెప్పి రాకండి, రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం ర్యాగింగ్ నేరం జరిగిందని తేలితే సంస్థ అధిపతి 24 గంటల్లోగా పోలీసులకు ఫిర్యాదు చేయాలి. మన రాష్ట్ర చట్టం మరో అడుగు ముందుకు వేసి, ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని అధిపతిని ఆ నేరానికి తోడ్పడినవాడిగా పరిగణిస్తుంది. ఈ సంగతిని బెదిరింపులా కాకుండా అర్జీ చివర ఒక్క వాక్యంగా రాయండి, చాలు. సంస్థ లోపల ఎవరినీ నమ్మలేని పరిస్థితి అయితే దేశవ్యాప్త ర్యాగింగ్ నిరోధక సహాయవాణి 1800-180-5522 రాత్రీ పగలూ పనిచేస్తుంది.

బడి పిల్లల విషయం వేరు. పిల్లవాణ్ణి ఏడిపించే మరో పిల్లవాడు కూడా పిల్లవాడే అన్నది తల్లిదండ్రులు మరచిపోకూడదు. గేటు దగ్గర కాపు కాసి అవతలి పిల్లవాణ్ణి గద్దించడం వద్దు. ముందు తరగతి టీచరుతో, తరువాత హెడ్మాస్టరుతో మాట్లాడండి. అవసరమైతే వాళ్ళ సమక్షంలోనే ఆ పిల్లవాడి తల్లిదండ్రులతో కూర్చోండి. కొట్టేది, కించపరిచేది టీచరే అయితే 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. పిల్లల సహాయానికి 1098 ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండని వారి మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివారి బాధ్యత. పరువు పేరుతో దాచడానికి అక్కడ అవకాశం లేదు.

వీధి వ్యాపారులకు 2014లో ప్రత్యేక చట్టం వచ్చింది. నగరపాలక సంస్థ ఇచ్చిన అమ్మకపు పత్రం ఉండి, దానిలోని షరతుల ప్రకారం వ్యాపారం చేసుకునేవారిని పోలీసులతో సహా ఎవరూ వేధించకూడదని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి మామూలు అడిగేవాడితో పోరాటం ఆ పత్రం సంపాదించుకోవడంతో మొదలవుతుంది, తిట్టడంతో కాదు. బెదిరించి డబ్బు గుంజడం ఎవరు చేసినా నేరమే.

ఉద్యోగం చేసే చోట మహిళలకు లైంగిక వేధింపులు ఎదురైతే, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పెంచవచ్చు. పదిమంది లేని చిన్న దుకాణంలోనో, ఇంట్లోనో పనిచేసేవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. మహిళలకు 181, ఇంటర్నెట్ ద్వారా డబ్బు పోయినా, బెదిరింపులు వచ్చినా 1930.

కులం పేరుతో అవమానం జరిగితే అది మామూలు తగాదా కాదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదు చేయడానికి ముందస్తు విచారణ అక్కర లేదని 2018 సవరణ స్పష్టం చేసింది. దర్యాప్తును సాధారణంగా డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. 14566 అన్నది దీనికోసమే ఉన్న సహాయవాణి. ఇక్కడ అన్న మాటను అన్నట్టే రాయాలి. రాయడానికి చేయి రాకపోయినా సరే, "కులం పేరుతో దూషించాడు" అని పైపైన రాస్తే కేసు నిలవడం కష్టం. ఎవరు విన్నారో, ఎలాంటి చోట అన్నాడో కూడా రాయండి.

"తరువాత రండి" అన్నప్పుడు

చాలామంది ఇక్కడే అలసిపోతారు, ద్వేషం కూడా ఇక్కడే రెండింతలవుతుంది. కొట్టినవాడి మీద ఉన్న కోపం వినని అధికారి మీదికి, అక్కడి నుంచి లోకం మీదికి పాకుతుంది. అందుకు మందు తరువాతి మెట్టు ఏమిటో ముందే తెలిసి ఉండడం.

కేసు పెట్టదగిన నేరం గురించి సమాచారం ఇస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయవలసిందేనని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. రేణిగుంటలో జరిగినదాన్ని చిత్తూరులో చెప్పినా తీసుకోవాలి, తరువాత వాళ్ళే బదిలీ చేస్తారు. ఎఫ్‌ఐఆర్ ప్రతిని మీకు ఉచితంగా ఇవ్వాలి. మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే కొన్ని నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ముగిసే ప్రాథమిక విచారణకు వీలుంది. దాన్ని నిరాకరణ అనుకుని గొడవ పడకండి.

నిజంగానే తీసుకోకపోతే అక్కడ గొంతు పెంచకుండా బయటికి వచ్చి, అదే ఫిర్యాదును ఎస్పీ పేర స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. దానికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు. వెళ్ళిన రోజు ఇచ్చిన నంబరు ఉన్న కాగితం పారేయవద్దు, తరువాతిసారి మాట్లాడేది ఆ నంబరే. మీ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. లాయరు ఫీజు భరించలేనివారు 15100కు ఫోన్ చేయవచ్చు. లేదా చిత్తూరు కోర్టులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది.

ఎదురుచూసే నెలల్లో

ఫిర్యాదు ఇవ్వడానికి ఒక్క రోజు పడుతుంది, ఫలితానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో మీ మనసును ఎవరు ఏలుతున్నారో గమనించుకోవడం ఫిర్యాదు రాయడం కంటే కష్టమైన పని. కోపం ఉండడం తప్పు కాదు. అన్యాయం చూసి కోపం రానివాడు ఫిర్యాదు కూడా రాయడు. కోపం "ఆ పని ఆగాలి" అంటుంది. ద్వేషం "వాడు నాశనం కావాలి" అంటుంది. మీలో ఉన్నది ఏదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: వాడు రేపటి నుంచి ఆ పని పూర్తిగా మానేసి, వేరే ఊరిలో మంచి ఉద్యోగం చేసుకుంటూ సుఖంగా ఉన్నాడని తెలిస్తే మీకు ఉపశమనంగా ఉంటుందా, మండిపోతుందా? మండిపోతే ఫరవాలేదు, అది సహజమే. కాని ఆ మంటతో కొత్త నిర్ణయాలు తీసుకోకండి.

రోజువారీ పద్ధతులు కొన్ని పనిచేస్తాయి. వాడి స్టేటస్, ఫోటోలు చూడడం మానండి. నంబరు బ్లాక్ చేయడం మంచిదే, కానీ పాత మెసేజీలు దాచిన తరువాత. ఇంట్లో భోజనాల దగ్గర ఆ పేరు ఎత్తకూడదని అందరూ ఒప్పందం పెట్టుకోండి. కేసు సంగతులు మాట్లాడుకోవడానికి వారంలో ఒక సాయంత్రం కేటాయించి, ఫైలు అప్పుడే తీయండి. పూర్తిగా మనసు విప్పడానికి ఒక్క మనిషిని ఎంచుకోండి, పదిమందికి చెబితే పది రకాలుగా ఎగదోస్తారు. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. శరీరం అలిసిపోయే పని ఏదైనా మంచిదే. దేవుడి మీద నమ్మకం ఉన్నవారికి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉండనే ఉన్నాయి, లేనివారికీ ఆ మెట్లు అంతే మేలు చేస్తాయి.

మన సీమలోనే పుట్టిన తరిగొండ వెంగమాంబ (1730–1817) జీవితం ఈ సందర్భంలో చదవదగినది. బాలవితంతువైన ఆమె శిరోముండనానికి ఒప్పుకోలేదు. ఊళ్ళో పెద్దలు ఎంత ఒత్తిడి తెచ్చినా తలవంచలేదు. తిరుమలలో పొరుగువారు ఆమె ఇంటి ఆవరణలో ఎంగిలి విస్తళ్ళు పారవేసేవారని కథగా చెప్పుకుంటారు. ఆమె కొంతకాలం తుంబురుకోనకు వెళ్ళిపోయి తన సాధన, తన రచన తాను చేసుకుని, తరువాత తిరుమలకు తిరిగి వచ్చింది. కొండ మీది అన్నప్రసాద భవనం ఈనాడు ఆమె పేరునే ఉంది. ఆమె కథలో నాకు ముఖ్యంగా కనిపించేది భక్తి కంటే ఆమె చేసిన విభజన. జుట్టు విషయంలో ఒక్క అంగుళం వదలలేదు, చోటు విషయంలో మాత్రం పట్టుదలకు పోలేదు. గది మారడం, షిఫ్ట్ మారడం, కొన్నాళ్ళు మేనమామ ఇంట్లో ఉండడం లొంగిపోవడం కాదు. ఫిర్యాదును వెనక్కి తీసుకోకుండా దూరం జరగవచ్చు.

రాజీ మాట వచ్చినప్పుడు

వస్తుంది. పెద్దమనుషులు వస్తారు, కాఫీ తాగుతారు, "పిల్లోడి భవిష్యత్తు" అంటారు. దాన్ని వెంటనే కొట్టిపారేయవద్దు, వెంటనే ఒప్పుకోనూ వద్దు. ఆలోచించి చెబుతానని రెండు రోజులు గడువు అడగండి. ఒప్పుకునే ఉద్దేశం ఉంటే మూడు సంగతులు కాగితం మీదికి రావాలి: ఏం చేశాడో అతను తన మాటల్లో ఒప్పుకోవడం, మళ్ళీ చేయనని రాసివ్వడం, జరిగిన నష్టాన్ని సరిచేయడం. "ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించాలి" అన్నది క్షమాపణ కాదు, ఆ వాక్యాన్ని తిప్పి పంపండి. కాళ్ళు పట్టించుకోవడం, పదిమందిలో గుంజీలు తీయించడం వంటి షరతులు మీరు పెట్టవద్దు. అవి మీకు జరిగినదానికే నకళ్ళు.

లైంగిక నేరాల్లో, పిల్లల మీద జరిగిన నేరాల్లో, కుల అత్యాచారాల్లో పెద్దమనుషుల పంచాయతీకి చోటు లేదు. ఉద్యోగస్థలంలోని వేధింపుల చట్టం ప్రకారం కూడా రాజీ ప్రయత్నం బాధితురాలు కోరితేనే జరగాలి, అందులో డబ్బు ప్రాతిపదికగా ఉండకూడదు. క్షమించమని బాధితుల మీద ఒత్తిడి తేవడం కూడా ఒక రకం దౌర్జన్యమే అని నా అభిప్రాయం. పగ లేకుండా ఉండడానికి క్షమించి తీరాలన్న నియమం ఏమీ లేదు. చాలామంది క్షమించకుండానే, మళ్ళీ పలకరించకుండానే, ఎదురైతే పక్కకు తప్పుకుంటూనే ప్రశాంతంగా బతుకుతున్నారు.

మీ మాట నెగ్గిన తరువాత

అవతలివాణ్ణి సస్పెండ్ చేశారు, లేదా మామూలు వసూలు ఆగింది. ఆ రోజు హాస్టల్లో కేకు కోయవద్దు, బండి దగ్గర టపాసులు కాల్చవద్దు. అతని తమ్ముడు అదే కాలేజీలో ఉంటే వాడితో మామూలుగానే మాట్లాడండి. అతని గురించి ఎవరైనా అడిగితే ఫిర్యాదులో రాసినంతే చెప్పండి, కొత్త విశేషణాలు చేర్చవద్దు. కాగితాలన్నీ తేదీల వరుసలో కుట్టి ఒక ఫైలులో పెట్టి, ఫోటో తీసి ఈమెయిల్లో కూడా ఉంచండి; అప్పీలు, కోర్టు సాక్ష్యం వంటివి ఆలస్యంగా వస్తాయి.

విద్యార్థులకు చివరి అడుగు ఒకటి మిగిలి ఉంటుంది, అది మరుసటి ఏడాది వస్తుంది. అప్పటికి మీరే సీనియర్లు. "మేము పడ్డాం కదా, వీళ్ళూ పడనీ" అన్న మాట మీ బ్యాచ్‌లో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ మాట వినపడగానే వార్డెన్ దగ్గరికి వెళ్ళి, కొత్తవారు చేరిన మొదటి రెండు వారాలు రాత్రి పది తరువాత కారిడార్లో తిరిగే పని మీ ఇద్దరు ముగ్గురికి అప్పగించమని అడగండి. మెస్‌లో మొదటి రోజు కొత్త పిల్లల బల్ల దగ్గరే కూర్చోండి. పేరు, ఊరు అడగండి, బట్టలు ఎక్కడ ఉతుక్కోవాలో, ఏ బస్సు ఎక్కితే ఊరికి పోవచ్చో చెప్పండి, 1800-180-5522 నంబరును వాళ్ళ ఫోనులో అక్కడే సేవ్ చేయించండి.